పారోనా, హోయ్ ఆన్‌నా? రెండు చిన్న ఊళ్లని మన బెజవాడ టైమ్ పెట్టి పోల్చుకునే పద్ధతి

మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఇప్పటికీ ఒక పెద్ద కాయితం అంటించి ఉంటుంది, మధ్యలో నిలువు గీత, ఎడమ పక్క పారో, కుడి పక్క హోయ్ ఆన్. అమ్మానాన్నల్ని మొదటిసారి దేశం దాటించి ఎక్కడికైనా తీసుకెళ్దాం అనుకున్నప్పుడు గీసిన కాయితం అది. చివరికి రెండు ఊళ్లూ వెళ్లొచ్చాం, పారోకి అక్టోబర్ ఆఖర్లో, హోయ్ ఆన్‌కి ఆ తర్వాత ఫాల్గుణ మాసంలో. అప్పట్నుంచి ఇక్కడ సత్యనారాయణపురంలో మా వీధివాళ్లు, గుంటూరు బ్రాడీపేటలో అమ్మావాళ్ల పక్కింటివాళ్లు అందరూ అడిగేది ఒకటే, రెండిట్లో ఏది బాగుంటుందమ్మా అని. రెండూ బాగుంటాయి, అందులో డౌటే లేదు, కానీ ఆ ప్రశ్నకి అదే జవాబైతే మీకు టికెట్ బుక్ చేసుకోడానికి ఏం ఉపయోగం? అడగాల్సింది వేరే, మనకి దొరికే ఆరేడు రోజుల సెలవులో, మన ఇంట్లో మనుషులకి, ఏ ఊళ్లో ఎన్ని గంటలు నిజంగా చేతికొస్తాయి అని. గంటలు అని ఎందుకంటున్నానంటే ఈ రెండు ఊళ్ల గడియారాలు వేరు, మన గడియారం వేరు, ఆ తేడా చిన్నదేగా అని వదిలేస్తే ప్లాన్ మొత్తం అక్కడే తేడా కొట్టిద్ది.

ముందు ఊళ్ల సంగతి రెండు ముక్కల్లో. పారో భూటాన్‌లో ఒక లోయలో ఉన్న చిన్న ఊరు, సముద్రమట్టానికి 2,200 మీటర్ల పైన, ఆ దేశానికి ఉన్న ప్రధాన అంతర్జాతీయ ఎయిర్‌పోర్ట్ అక్కడే, కొండ అంచుకి అతుక్కుని ఉండే తక్త్‌సాంగ్ మఠం ఫొటో మీరు చూసే ఉంటారు, అది ఈ ఊరి పైనే. హోయ్ ఆన్ వియత్నాం మధ్యభాగంలో థు బోన్ నది ఒడ్డున ఉన్న పాత రేవు పట్నం, పసుపు గోడల ఇళ్లు, వీధుల నిండా లాంతర్లు, 1999లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. రెండు ఊళ్లలోనూ నది ఉంది, రెండు చోట్లా పైకప్పున్న పాత తరహా వంతెన ఉంది, రెండిట్లోనూ అసలు ఊరిని కాళ్లతోనే తిరిగేయొచ్చు. అందుకే ఈ రెండూ పోల్చడానికి సరైన జోడీ, బ్యాంకాక్‌నీ పారోనీ పక్కపక్కన పెడితే అసలు పోలికే కుదరదు.

ఇక కాయితం తీసుకోండి. మొదటి వరసలో డబ్బులు రాయకండి, టైమ్ రాయండి. పారో మనకన్నా అరగంట ముందు, హోయ్ ఆన్ మనకన్నా గంటన్నర ముందు. అంటే బెజవాడలో పొద్దున ఐదున్నర అయినప్పుడు పారోలో ఆరు, హోయ్ ఆన్‌లో ఏడు. గంటన్నరేగా, అమెరికా వెళ్లినవాళ్లకున్నంత ఇబ్బందేం ఉండదుగా అంటారు, నిజమే, నిద్ర పట్టక అల్లాడిపోయేంత ఏం ఉండదు, కానీ సెలవు నాలుగు రోజులే అయినప్పుడు గంటన్నర చాలా పెద్ద విషయం. ఎలాగో చూడండి. మా అమ్మ రోజూ ఐదున్నరకి లేచిద్ది, అలారం అక్కర్లా. హోయ్ ఆన్‌లో అమ్మ ఒళ్లు ఐదున్నర అనుకుని లేచేసరికి అక్కడ ఏడు. ఆ ఊళ్లో తెల్లవారుజామే అందం, నది పక్క మార్కెట్‌కి ఆకుకూరల బుట్టలు వచ్చే టైమ్, పాత వీధుల్లో టూరిస్టులు లేని టైమ్, అది ఐదు నుంచి ఏడు లోపే. మొదటి రెండు పొద్దులూ మాకు అలాగే పోయాయి, మూడో రోజు అలారం పెట్టుకుని లేచాం.

అదే సాయంత్రం తిరగేసి చూడండి. హోయ్ ఆన్‌లో ఆరింటికి చీకటి పడుతుంటే మన ఒంటికి అది నాలుగున్నర, ఇంట్లో అయితే ఇంకా టీ పెట్టుకునే టైమ్. రాత్రి పదింటికి లాంతర్ల వెలుతుర్లో నది ఒడ్డున కూర్చుంటే మన ఒంటికి ఎనిమిదిన్నరే, ఇంట్లో తొమ్మిదింటికల్లా కళ్లు మూసుకుపోయే నాన్న కూడా అక్కడ హుషారుగా కూర్చున్నారు. అంటే మన వైపు నుంచి వెళ్లేవాళ్లకి హోయ్ ఆన్ రాత్రులు కలిసొస్తాయి, పొద్దులు చేజారతాయి. పారోలో ఈ గొడవే లేదు, అరగంట తేడా ఒక్క రోజులో సర్దుకుపోద్ది, పైగా ఆ ఊరు పొద్దున్నే లేచి కొండెక్కే ఊరు, రాత్రి ఎనిమిదయ్యేసరికి వీధులు నిమ్మళంగా అయిపోతాయి. మీ ఇంట్లో వాళ్లు పొద్దున మనుషులా రాత్రి మనుషులా అన్నది కాయితం మీద రాసుకోండి, సగం తేలిపోద్ది. హోయ్ ఆనే అనుకుంటే మాత్రం బయల్దేరే ముందు మూడు రోజులు రోజుకో అరగంట ముందు పడుకోండి, మూడు అరగంటలు కలిపితే ఆ గంటన్నర ఇక్కడే సర్దుకుపోద్ది, మేము రెండోసారి వెళ్తే చేసే మొదటి పని ఇదే.

గడియారం ఒక్కటే కాదు, ఆ గడియారానికి సూర్యుడు ఎక్కడున్నాడో కూడా చూడాలి, ఇది ఎవరూ చెప్పరు. మన దేశం మొత్తానికి టైమ్ లెక్క 82.5 డిగ్రీల రేఖాంశం మీద, ఆ గీత మన కాకినాడ దగ్గర్నుంచే పోతుంది, స్కూల్లో చదువుకున్నాం. బెజవాడ దానికి కొంచెం పడమర, కాబట్టి మన సూర్యుడు గడియారం కన్నా ఏడెనిమిది నిమిషాలు వెనక. హోయ్ ఆన్ సంగతి తిరకాసు, వియత్నాం టైమ్ 105 డిగ్రీల మీద, ఆ ఊరేమో 108 దాటి తూర్పున, అంటే అక్కడ సూర్యుడు గడియారం కన్నా పదమూడు నిమిషాలు ముందు. ఒక డిగ్రీకి నాలుగు నిమిషాలు, అంతే లెక్క. ఇంకో తమాషా ఏంటంటే హోయ్ ఆన్ అక్షాంశం దాదాపు 16 డిగ్రీలు, బెజవాడది పదహారున్నర, కాబట్టి పగలు ఎంతసేపు అన్నది రెండు చోట్లా ఒకటే, కాకపోతే అక్కడి గడియారంలో సూర్యుడు మనకన్నా ఇరవై నిమిషాలు ముందు వస్తాడు, ముందే పోతాడు. మార్చిలో ఇక్కడ ఆరు ఇరవైకి పొద్దుగూకితే అక్కడ ఆరింటికే. సూర్యాస్తమయం ఫొటో కోసం సాయంత్రం ఆరింటికి తీరిగ్గా హోటల్లోంచి బయటికొస్తే అప్పటికే అయిపోయి ఉంటుంది.

పారో ఇంకా ఉత్తరాన, 27 డిగ్రీల పైన, కాబట్టి చలికాలం పగలు మనకన్నా కురచ, డిసెంబర్‌లో దాదాపు పదిన్నర గంటలే, పైగా లోయ కదా, సూర్యుడు అస్తమించక ముందే కొండ వెనక్కి పోతాడు, ఆ నీడ పడిన నిమిషం నుంచి చలి. ఎండలో ఉన్నంతసేపు స్వెటర్ తీసేసి చేతిలో పట్టుకున్న అమ్మ, నీడ పడగానే శాలువా మీద శాలువా కప్పుకుంది. కాబట్టి పారో కాలమ్‌లో రోజుకి పదకొండు గంటలు మించి రాయకండి, హోయ్ ఆన్ కాలమ్‌లో పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పది దాకా, మధ్యాహ్నం ఎండకి కాసేపు కునుకు తీసినా, పద్నాలుగు రాసుకోవచ్చు.

ఇప్పుడు టికెట్లు. టికెట్ మీద ఉండే టైములు ఎక్కడివి అక్కడివే, ఎక్కే ఊరి టైమ్, దిగే ఊరి టైమ్. రాత్రి పదకొండున్నరకి హైదరాబాద్‌లో ఎక్కి పొద్దున ఐదున్నరకి వియత్నాంలో దిగుతారు అని ఉందనుకోండి, ఆరు గంటలు నిద్రపోవచ్చు అనిపిస్తుంది, కాదు, గంటన్నర తీసేయండి, నాలుగున్నర గంటలే, అందులో ఎక్కడం భోజనం దిగడం పోగా నిద్ర రెండు గంటలు. దిగాక అక్కడ ఐదున్నర అంటే మన ఒంటికి నాలుగు. హోటల్ రూమ్ ఇచ్చేదేమో మామూలుగా మధ్యాహ్నం రెండింటికి. పెద్దవాళ్లు ఉంటే ముందు రోజు రాత్రికి కూడా రూమ్ బుక్ చేసేయండి, ఒక రాత్రి డబ్బులు దండగ అనిపిస్తుంది కానీ మొదటి రోజు మొత్తం కాపాడిద్ది. తిరుగు ప్రయాణంలో ఇదే లెక్క తిరగబడిద్ది, రాత్రి ఏడున్నరకి ఎక్కి పదిన్నరకి హైదరాబాద్‌లో దిగుతారు అని ఉంటుంది, మూడు గంటలే కదా అని పిల్లలకి తినడానికి ఏం పట్టుకెళ్లకపోతే లోపల ఉండేది నాలుగున్నర గంటలు. మాకు మొదట ఒక ట్రావెల్స్ వాళ్లు ఇచ్చిన ప్యాకేజీలో ఐదు పగళ్లు అని రాశారు, కూర్చుని గంటల్లోకి మార్చి చూస్తే మూడున్నరే తేలింది, మిగతాదంతా దిగడాలు ఎక్కడాలు రూమ్ కోసం కూర్చోడాలు. అడిగితే టికెట్ తేదీలు లెక్కపెట్టి చూపించారు. చాలా బాధేసింది, అమ్మానాన్నలకి అది జీవితంలో మొదటి ప్రయాణం, అందుకే అప్పుడు కూర్చుని ఈ కాయితం గీశా.

దారి లెక్క ఎయిర్‌పోర్ట్ నుంచి ఎయిర్‌పోర్ట్‌కి కాదు, మన గుమ్మం నుంచి ఆ గుమ్మానికి పెట్టుకోవాలి. పారోకి కలకత్తా నుంచి విమానం గంటా గంటన్నర లోపే, కానీ పారోలో విమానాలు పగలు మాత్రమే దిగుతాయి, చుట్టూ కొండలు, పైలట్ కళ్లతో చూసుకుంటూ దించాల్సిందే, మబ్బు పడితే ఆగాల్సిందే. అందుకని ముందు రోజే కలకత్తా చేరి పడుకోవాలి, వచ్చేటప్పుడు కూడా అదే రోజు రాత్రికి ఇంటికొచ్చేలా వరసగా టికెట్లు కట్టేసుకోకండి, మధ్యలో ఒక రాత్రి వదలండి. రోజులు ఎక్కువ ఉండి డబ్బులు తక్కువ ఉంటే రైలు దారి ఉంది, ఇక్కడ నుంచి హౌరా వైపు దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ, సియాల్దాలో కాంచన్ కన్యా ఎక్కితే పొద్దున్నకి హాసీమారా దాకా, అక్కడ్నుంచి జైగావ్, గేటు దాటితే భూటాన్ వైపు ఊరు ఫుంట్‌షోలింగ్, ఇక ఘాట్ రోడ్డు మీద నాలుగైదు గంటలు. ఆ బోర్డర్ ఊళ్లో ఒక విషయం జాగ్రత్త, ఫోన్ ఒకసారి మన టవర్ పట్టుకుంటుంది ఒకసారి వాళ్ల టవర్ పట్టుకుంటుంది, టైమ్ అరగంట ముందుకీ వెనక్కీ గెంతుతూ ఉంటుంది. మావారు అక్కడ ఫోన్లో ఆటోమేటిక్ టైమ్ ఆపేసి చేత్తో భూటాన్ టైమ్ పెట్టారు, చేతి గడియారం ఉంటే ఇంకా మేలు.

హోయ్ ఆన్‌కి అసలు ఎయిర్‌పోర్టూ లేదు రైల్వే స్టేషనూ లేదు, దా నాంగ్‌లో దిగి 30 కిలోమీటర్లు కారులో పోవాలి. మన ఇంటి నుంచి శంషాబాద్ ఐదారు గంటలు, హనోయ్‌కో హో చి మిన్‌కో నాలుగున్నర గంటలు, అక్కడ్నుంచి దా నాంగ్‌కి ఇంకో గంటా ఇరవై నిమిషాలు, మధ్యలో కూర్చునేది కలిపితే మాకు ఇరవై గంటలు పట్టింది. ఏడు రోజుల సెలవు మీద వేస్తే పారోలో మూడున్నర రోజులు చేతికొచ్చాయి, హోయ్ ఆన్‌లో నాలుగు. గంటల్లో చూస్తే పారో ముప్ఫై ఎనిమిది, హోయ్ ఆన్ యాభై ఆరు. అంకె చూసి హోయ్ ఆన్ గెలిచింది అనేయకండి, ఆ గంటల్లో ఏముందో కూడా చూడాలి కదా.

ఎప్పుడు వెళ్లాలి అన్నదానికి పంచాంగం దగ్గర పెట్టుకోండి, నిజంగానే అంటున్నా. హోయ్ ఆన్‌లో వాళ్ల చాంద్రమాన నెలలో పద్నాలుగో రోజు రాత్రి లాంతర్ల పండగ, ఆ రోజు కరెంటు దీపాలు తగ్గించేసి నదిలో కాయితం దొప్పల్లో దీపాలు వదుల్తారు, మనం కార్తీకంలో కృష్ణలో వదిలినట్టే. చదవగానే కార్తీక పౌర్ణమికి వెళ్దాం అనిపిస్తుంది, మా అమ్మ కూడా అదే అంది, వద్దే వద్దు, అక్టోబర్ నవంబర్ అక్కడ వానలూ వరదలూ, థు బోన్ పొంగి పాత ఊరు వీధుల్లోకి వస్తుంది, పడవలేసుకుని తిరగాల్సి వస్తుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య ఎండ తక్కువ వాన తక్కువ, అంటే మాఘ ఫాల్గుణ చైత్ర పౌర్ణములు చూసుకోండి, మే జూన్ వస్తే బెజవాడ ఎండే అక్కడా, అందుకోసం అంత దూరం పోనక్కర్లా. ఇంకో మాట, మన తిథి సూర్యోదయం లెక్క, వాళ్లది అమావాస్య పడిన రోజు నుంచి ఒకటి రెండు అని లెక్క, పైగా గంటన్నర తేడా కూడా ఉంది, కాబట్టి వాళ్ల పద్నాలుగు మన చతుర్దశికి ఒక రోజు అటూ ఇటూ అయిద్ది, ఆ ఊరి తేదీ చూసి రూమ్ బుక్ చేయండి.

పారోకి అక్టోబర్, నవంబర్ మొదట్లో, ఆకాశం కడిగినట్టుంటుంది. ఆ టైమ్‌లో వెళ్తే మన గుంటూరోళ్లకి ఒక చూపు ఉంది. ఇళ్ల కప్పుల మీద ఎర్ర మిరపకాయలు ఆరబోసి ఉంటాయి, కారు లోయలోకి దిగుతుంటే కప్పు తర్వాత కప్పు, ఎరుపే. నాన్న మిరప యార్డులో కమీషన్ కొట్లో ముప్ఫై ఏళ్లు గుమస్తా చేశారు. ఒక ఇంటి ముందు కారు ఆపించారు, ఆ ఇంటావిడ మెట్ల మీద చాప పరిచి కాయలు తిరగేస్తోంది, నాన్న వంగి ఒక కాయ తీసుకుని చెవి దగ్గర ఆడించారు, గింజ చప్పుడు వినడానికి, తర్వాత వేళ్ల మధ్య నొక్కి, తేమ ఉంది, ఇంకో రెండు రోజులు ఎండాలి అని తెలుగులోనే ఆవిడతో చెప్పారు. ఆవిడకేం అర్థమైందో గానీ ఆకాశం వైపు చూపించి రెండు వేళ్లు చూపించింది. ఇద్దరూ కలిసి కాసేపు తాలు కాయలు ఏరారు. ఆ పది నిమిషాల్నీ ఏ అంకెతో కొలవాలో నాకు తెలీలా, కాయితం మీద నాన్న పేరు రాసి పక్కన చుక్క పెట్టా.

తిండి సంగతి టైమ్‌తోనే ముడిపడి ఉంది. వియత్నాంలో మధ్యాహ్న భోజనం పదకొండున్నర పన్నెండుకే, అంటే మన ఒంటికి పది, ఆకలే ఉండదు, ఆకలేసే టైమ్‌కి చిన్న హోటళ్లు మూసి కునుకు తీస్తుంటారు. పొద్దున టిఫిన్ తేలిగ్గా తినేసి వాళ్ల టైమ్‌కే భోజనం చేసేయండి. శాకాహారులైతే నేర్చుకోవాల్సిన మాట ఒక్కటే, చాయ్, మన టీ కాదు, శాకాహారం అని. బోర్డు మీద ఆ మాట ఉన్న కొట్లో మాంసం ఉండదు, చేప నీళ్లు కూడా పడవు. మామూలు హోటల్లో కూరగాయలే అని చెప్పినా చేప సాస్ పోసేస్తారు, అది వాళ్లకి ఉప్పు లాంటిది. పౌర్ణమికీ పాడ్యమికీ అక్కడ చాలామంది బౌద్ధులు మాంసం మానేస్తారు, కాబట్టి ఆ రోజుల్లో శాకాహారం ఊరంతా దొరుకుద్ది, మేము పౌర్ణమికి ఉండటం అలా కూడా కలిసొచ్చింది. పారోలో ఎర్ర బియ్యం అన్నం, ఎమా దాట్షి, అంటే మిరపకాయలే కూరగాయగా జున్ను లాంటి చీజ్‌లో ఉడికించింది. నాన్న మొదటి ముద్దకే మన కారం కాదు గానీ పర్లేదు అన్నారు. పప్పు, బంగాళదుంప, కూరలు మామూలుగానే దొరుకుతాయి, ఆవకాయ సీసా ఒకటి ఉంటే ఇక దేనికీ లోటుండదు.

ఇక కాళ్లు, మందులు. తక్త్‌సాంగ్ 3,120 మీటర్ల ఎత్తున ఉంది, 1692లో కట్టారు, 1998లో కాలిపోతే మళ్లీ కట్టి 2005లో తెరిచారు, బౌద్ధ గురువు పద్మసంభవుడు పులి మీద ఎగిరొచ్చి అక్కడ గుహలో ధ్యానం చేశాడని వాళ్ల నమ్మకం. ఎక్కడానికి మామూలు వాళ్లకి రెండు మూడు గంటలు, చివర్లో కిందికి దిగి మళ్లీ ఎక్కే మెట్లు వందల్లో ఉన్నాయి, దుర్గ గుడి మెట్లు ఎక్కుతున్నాంగా అని ధైర్యం చేస్తే సరిపోదు, ఎత్తుకి ఊపిరి ఆడదు. దిగిన రోజే ఎక్కకండి, ఒకటి రెండు రోజులు రింపుంగ్ జోంగ్ కోట, కీచూ గుడి, నది ఒడ్డు తిరిగి ఒళ్లు అలవాటయ్యాక మూడో రోజు పొద్దున ఏడింటికి మొదలుపెట్టండి. సగం దాకా గుర్రాలు ఉంటాయి, సగంలో ఒక కెఫెటేరియా ఉంది, అక్కడ్నుంచి మఠం ఎదురుగా కనపడిద్ది. అమ్మ అక్కడే ఆగిపోయింది, మోకాళ్లు. వేడి టీ గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని మేము తిరిగొచ్చేదాకా మూడు గంటలు ఆ కొండనే చూస్తూ కూర్చుంది, ఏం విసుక్కోలా. మీ ఇంట్లో మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లకి ఆ కెఫెటేరియా వరకే ప్లాన్ అని ముందే చెప్పండి, ఆఖరి నిమిషంలో చెప్తే బాధపడతారు. హోయ్ ఆన్ మొత్తం చదును, వీధులన్నీ నడక, అలసిపోతే మన రిక్షా లాంటి సైక్లో ఎక్కొచ్చు.

బీపీ, షుగర్ ఉన్నవాళ్లని తీసుకెళ్తే డాక్టర్‌ని రెండు విషయాలు అడగండి, పారో అయితే ఎత్తు గురించి, హోయ్ ఆన్ అయితే గంటన్నర గురించి, ముఖ్యంగా ఇన్సులిన్ వేసుకునేవాళ్లు. ఫోన్లో ఎనిమిదింటికి పెట్టిన మాత్రల అలారం హోయ్ ఆన్‌లో అక్కడి ఎనిమిదికి మోగిద్ది, అంటే మన ఆరున్నరకి, మాత్రకీ మాత్రకీ మధ్య గంటన్నర తగ్గినట్టే, తిరిగొచ్చేటప్పుడు గంటన్నర పెరుగుద్ది. మా డాక్టర్ గారు అమ్మ మాత్రలకి పర్లేదు అన్నారు, మీవి మీ డాక్టర్ చెప్పాలి.

డబ్బులు ఇప్పుడు రాయండి. భూటాన్‌లో మనవాళ్లకి మనిషికి రాత్రికి 1,200 రూపాయలు ప్రభుత్వానికి కట్టాలి, ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి సగం, ఆరేళ్ల లోపు వాళ్లకి లేదు. మేము నలుగురం నాలుగు రాత్రులు, 19,200, అది హోటల్ కాకుండానే. కాబట్టి అక్కడ రాత్రి పెరిగే కొద్దీ ఖర్చు మెట్లెక్కుద్ది. వియత్నాంలో ఈ-వీసాకి మనిషికి 25 డాలర్లు, ఒక్కసారే, నాలుగు రాత్రులున్నా పదున్నా అంతే. హోయ్ ఆన్ పాత ఊరి టికెట్ 1,20,000 డాంగ్, అంకె చూసి కంగారు పడకండి, నాలుగొందల చిల్లర రూపాయలు, లక్ష డాంగ్ అంటే మూడొందల ముప్ఫై నలభై అని గుర్తుంటే చాలు. భూటాన్ ఙుల్ట్రమ్ మన రూపాయితో సమానం, మన నోట్లు తీసుకుంటారు, లెక్కలు వేసుకునే పనే లేదు, నాన్నకి ఇది బాగా నచ్చింది.

కాయితాల విషయంలో పారో తేలిక, ఆరు నెలలు గడువున్న పాస్‌పోర్ట్ గానీ ఓటరు కార్డు గానీ చాలు, ఆధార్ మాత్రం పనికిరాదు, పిల్లలకి పాస్‌పోర్ట్ లేకపోతే బర్త్ సర్టిఫికెట్. వియత్నాం వీసా దగ్గర మన తెలుగు ఇంటిపేర్లతో చాలా జాగ్రత్త, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఎక్కడుంటే అక్కడే, ఎన్ని అక్షరాలుంటే అన్నే, పొడి అక్షరం ఉంటే పొడి అక్షరమే. పాస్‌పోర్ట్ పక్కన పెట్టుకుని ఒక్కొక్క అక్షరం వేలితో చూస్తూ నింపండి.

అన్నీ రాశాక ఒక్కో మనిషినీ పిలిచి రెండు కాలమ్‌ల్లో వాళ్ల సొంతానికి ఏముందో అడగండి. నాకు హోయ్ ఆన్‌లో టైలర్లు ఉన్నారు, మంగళగిరి కాటన్ పట్టుకెళ్తే ఒక రోజులో కుట్టిచ్చారు. అమ్మకైతే మీసన్. హోయ్ ఆన్ నుంచి 40 కిలోమీటర్లు, చామ్ రాజులు నాలుగో శతాబ్దం నుంచి పదమూడు దాకా కట్టిన ఇటుక శివాలయాలు, మన పురావస్తు శాఖ వాళ్లు అక్కడ మరమ్మతులు చేస్తుంటే 2020లో తొమ్మిదో శతాబ్దపు ఇసుకరాతి శివలింగం బయటపడింది. ఆ ప్రాంతాన్ని చామ్ రాజుల కాలంలో అమరావతి అనేవాళ్లు. మన కృష్ణ ఒడ్డున అమరలింగేశ్వరుడి అమరావతి నుంచి వెళ్లిన మనిషికి ఆ మాట చెప్తే ఏమవుద్దో ఊహించుకోండి. పొద్దున ఎనిమిది లోపు వెళ్లాం, మంచు ఇంకా విడిపోలా, బాంబులకి సగం కూలిన గోపురం పక్కన ఖాళీ పానవట్టం ఒకటి, గడ్డి మొలిచి ఉంది. అమ్మ చెప్పులు విప్పేసి, పర్సులోంచి విభూతి పొట్లం తీసి తన నుదుటికి పెట్టుకుంది, రాతిని ముట్టుకోలా, రెండడుగుల దూరంలో నిలబడి నమశ్శివాయ అనుకుంటూ కళ్లు మూసుకుంది.

కాయితం మీద నాన్న చుక్క పారో వైపు, అమ్మ చుక్క హోయ్ ఆన్ వైపు. మాకు ఓటరు కార్డులు చేతిలో ఉన్నాయి, పాస్‌పోర్ట్‌లు ఇంకా లేవు, అప్పటికి అక్టోబర్, హోయ్ ఆన్‌లో వరదల టైమ్. అందుకని ముందు పారో టికెట్లు తీశాం, అదే వారం నలుగురికీ పాస్‌పోర్ట్‌లకి అప్లై చేసి, ఫాల్గుణ పౌర్ణమి తేదీ కాయితం కింద ఎర్ర పెన్నుతో రాసిపెట్టా.